మన ఊరి లైబ్రరీకి కంప్యూటర్లు, నెట్టు కావాలంటే ప్రభుత్వ గ్రాంటు ఎలా అడగాలి

"అన్నా, మా ఊళ్ళో లైబ్రరీ ఉంది, పిల్లలు గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షకీ వచ్చి చదువుకుంటున్నారు, ఒక నాలుగు కంప్యూటర్లు, నెట్టు ఉంటే బాగుండు, గవర్నమెంటు ఏమన్నా ఇస్తదా?" కందుకూరు, కనిగిరి, కావలి వైపు నుంచి తరచూ వినపడే ప్రశ్న ఇది. ఇస్తుంది. దరఖాస్తు ఫారం నింపడం కూడా పెద్ద కష్టమేం కాదు, ఒక పూట పని. కానీ ఆ ఫారంలో రాసేదానికి వెనక ఆధారం ఉండాలి, అది మీ లైబ్రరీ రిజిస్టర్లలో ఉండాలి. చాలా దరఖాస్తులు అక్కడే తన్నేస్తాయి. అందుకని పథకాల పేర్లు తర్వాత చెప్తాను, ముందు ఇంటి పని చూసుకుందాం.

ముందు తేల్చుకోండి: లైబ్రరీ ఎవరిది?

ఇది తేలకుండా ఏ ఆఫీసుకి వెళ్ళినా తిప్పి పంపుతారు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మామూలుగా మూడు రకాలు కనిపిస్తాయి.

ఒకటి, జిల్లా గ్రంథాలయ సంస్థ కింద నడిచే శాఖా గ్రంథాలయం, లేదా గ్రామీణ గ్రంథాలయం, లేదా పుస్తక నిక్షిప్త కేంద్రం. ఇది ప్రభుత్వ లైబ్రరీ. దీనికోసం ఊరి యువజన సంఘం సొంతంగా గ్రాంటుకి దరఖాస్తు పెట్టడం కుదరదు, పెట్టాల్సింది సంస్థ. మీరు చేయగలిగింది, సంస్థ కార్యదర్శికి ఊరి తరఫున వినతిపత్రం ఇవ్వడం, పంచాయతీ తీర్మానం జత చేయడం, ఎంపీ నిధుల కోసం తిరగడం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు వైపు మండలాలు నెల్లూరు జిల్లాలోకి వచ్చాయి, చీరాల, పర్చూరు, అద్దంకి వైపు బాపట్లలోకి వెళ్ళాయి, ఆ తర్వాత కూడా హద్దుల మీద మార్పులు నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి మీ శాఖా గ్రంథాలయం ఫైలు ఈ రోజు ఏ ఊళ్ళో ఉందో, జీతాల బిల్లు ఎక్కడి నుంచి వస్తుందో మీ లైబ్రేరియన్‌ని అడిగి తెలుసుకున్నాకే కాగితం రాయండి. జిల్లా పేరు కాదు, ఫైలు ఎక్కడుందన్నదే ముఖ్యం.

రెండోది, ఊరి పెద్దలో, సంఘమో ఎప్పుడో పెట్టిన లైబ్రరీ. మన వైపు వీటికి మంచి చరిత్రే ఉంది. నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు, ఇప్పటికీ పాత పత్రికల కోసం పరిశోధకులు వెతుక్కుంటూ అక్కడికే వస్తారు. అంత పెద్దవి కాకపోయినా అదే తరం స్ఫూర్తితో పుట్టిన చిన్నచిన్నవి చాలా ఊళ్ళలో ఉన్నాయి, కొన్ని తాళాలు పడి ఉన్నాయి. ఇలాంటివి స్వచ్ఛంద సంస్థ హోదాలో తమ పేరు మీదే అడగొచ్చు. ఈ వ్యాసం ఎక్కువగా వీళ్ళకోసమే.

మూడోది, బడి లైబ్రరీ. ప్రభుత్వ బడి అయితే సమగ్ర శిక్ష కింద ఏటా లైబ్రరీ గ్రాంటు అనేది ఒకటుంది, బడి స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా. అది హెడ్‌మాస్టరు, యాజమాన్య కమిటీ చూసుకునే వ్యవహారం. దాన్ని వేరే గ్రాంటుతో కలిపి గందరగోళం చేయొద్దు.

రిజిస్టర్లు: అసలు పని ఇక్కడే

గ్రాంటు పరిశీలించే మనిషి మీ ఊరు చూసి ఉండడు. కాగితంలో "మా లైబ్రరీకి ప్రతిరోజూ ఎంతోమంది పాఠకులు విచ్చేస్తున్నారు" అని రాస్తే ఆయనకి ఏమీ తెలియదు. అదే "గత మూడు నెలల్లో రోజుకి సగటున ఇంతమంది, అందులో పోటీ పరీక్షలవాళ్ళు ఇంతమంది, ఆడపిల్లలు ఇంతమంది, సాయంత్రం 5 తర్వాత వచ్చేవాళ్ళు ఇంతమంది" అని రాసి, కింద రిజిస్టరు పేజీల జెరాక్సు పెడితే, ఆ ఫైలు పక్కన పడేయడానికి ఎవరికైనా చేతులు రావు.

అందుకని ఇవాళే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, గడులు గీసి, తలుపు దగ్గర బల్ల మీద పెన్ను దారం కట్టి పెట్టండి (దారం కట్టకపోతే పెన్ను ఉండదు, మీకూ తెలుసు). తేదీ, పేరు, వయసు, ఏ పని మీద వచ్చారు, వచ్చిన టైము, వెళ్ళిన టైము, సంతకం. "ఏ పని మీద" అన్న గడి మాత్రం వదిలేయొద్దు. పేపరు చదవడానికా, పరీక్షకి ప్రిపేర్ అవడానికా, ఏదన్నా ఆన్‌లైన్ దరఖాస్తు నింపుకోడానికి సాయం అడగడానికా? ఆ గడే రేపు మీకు కంప్యూటర్లు ఇప్పించేది. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకోడానికి పామూరు నుంచి కనిగిరి దాకా బస్సెక్కి వెళ్ళే పిల్లవాడు మీ రిజిస్టర్లో ఒక లైనుగా కనిపిస్తే, అది మీరు రాసే పేజీన్నర వ్యాసం కంటే బలంగా మాట్లాడుతుంది.

దీనితోపాటు పుస్తకాల యాక్సెషన్ రిజిస్టరు, అంటే ఒక్కో పుస్తకానికి నంబరు వేసి రాసే లెక్క పుస్తకం. మొత్తం ఎన్ని పుస్తకాలున్నాయో అడిగితే "సుమారు పది వేలు" అనే జవాబు చెల్లదు. బీరువాలు తెరిచి, చెదలు తిన్నవి, అట్టలు ఊడినవి వేరు చేసి, ఉన్నవాటికి నంబర్లు వేసి లెక్క రాయండి. విసుగు పని, దుమ్ము పని, తుమ్ములు వస్తాయి. ఇంటర్ సెలవుల్లో ఉన్న పిల్లల్ని నలుగుర్ని పెట్టుకుంటే చకచకా సాగుతుంది. చిరిగిన పుస్తకాలు తీసేసేటప్పుడు కమిటీ తీర్మానం రాసుకోండి, లేకపోతే తర్వాత ఆడిట్‌లో "ఆ పుస్తకాలేవి?" అంటారు.

మూడోది మినిట్స్ పుస్తకం. కమిటీ మీటింగులు జరుగుతూనే ఉంటాయి, టీలు తాగుతూనే ఉంటారు, రాయరు. గ్రాంటు అడగాలని, ఫలానా వాళ్ళు సంతకం చేయాలని తీర్మానం లేకుండా దరఖాస్తు పెడితే అది సంఘం దరఖాస్తు కాదు, మీ సొంత దరఖాస్తు.

సంఘం కాగితాలు సరిచేసుకోవడం

పాత లైబ్రరీ సంఘాలు చాలావరకు 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు అయినవి. రాష్ట్రంలో 2001లో కొత్త సొసైటీల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చేయాలి. మీ సంఘం చివరిసారి ఎప్పుడు చేసిందో చూడండి. రికార్డుల్లో అధ్యక్షుడిగా ఉన్నాయన కాలం చేసి చాలా ఏళ్ళై ఉంటుంది, సెక్రటరీ హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటాడు, బ్యాంకు ఖాతా ఇద్దరి జాయింటు సంతకం మీద నిలిచిపోయి ఉంటుంది. కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకుని, జాబితా దాఖలు చేసి, నకలు తీసుకుని, దాంతో బ్యాంకులో సంతకాలు మార్పించుకోవాలి. ఈ వరస తప్పితే ప్రతి ఆఫీసులో ఆగిపోతారు.

ఆ తర్వాత సంఘం పేరు మీద పాన్ కార్డు, గత మూడేళ్ళ ఆడిటెడ్ లెక్కలు, నీతి ఆయోగ్ వాళ్ళ ఎన్జీవో దర్పణ్ పోర్టల్లో నమోదు. కేంద్ర శాఖల నుంచి డబ్బు తీసుకోవాలనుకునే స్వచ్ఛంద సంస్థకి ఆ దర్పణ్ నంబరు దాదాపు ఆధార్ నంబరు లాంటిది. అందులో కార్యవర్గ సభ్యుల వివరాలు, పాన్, రిజిస్ట్రేషన్ అన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. సర్టిఫికెట్లో "శ్రీ సరస్వతీ గ్రంథాలయ సంఘము" అని, పాన్‌లో "సరస్వతి లైబ్రరీ" అని, పాస్‌బుక్కులో ఇంకో స్పెల్లింగు ఉంటే అక్కడే టెన్షన్ మొదలవుతుంది. స్పెల్లింగు ముందే ఒకటిగా చేయించుకోండి. తర్వాత చేయించుకోవడానికి టైముండదు.

ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు (12ఏ, 80జీ అంటారు) ఉంటే మంచిది. కంపెనీల దగ్గర సీఎస్ఆర్ డబ్బు (లాభంలోంచి సమాజం కోసం ఖర్చు పెట్టేది) అడిగే ఆలోచన ఉంటే సీఎస్ఆర్-1 ఫారం కూడా కావాలి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి.

ఇంకొకటుంది, స్థలం. మా తాతగారు ఇచ్చారు అంటారు, కాగితం ఉండదు. కొన్నిచోట్ల పోరంబోకులో కట్టారు, కొన్నిచోట్ల గుడి మాన్యంలో ఉంది. కంప్యూటర్లకి స్థలం కాగితం ఎందుకు అనుకోవద్దు, గ్రాంటు పెట్టి కొన్న సామాను రేపు ఎవరి గోడల మధ్య ఉంటుందో గ్రాంటు ఇచ్చేవాళ్ళు అడుగుతారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల కాగితం) తీయించి చూడండి. దాత వారసులు ఒప్పుకుంటే సంఘం పేర గిఫ్ట్ డీడ్ రాయించుకోండి, కుదరకపోతే దీర్ఘకాలం లీజు అగ్రిమెంటైనా రిజిస్టరు చేయించుకోండి. ఈ ఒక్క పని కోసమే కొన్ని ఊళ్ళలో ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు, అందుకే అన్నిటికంటే ముందు దీన్నే మొదలుపెట్టమంటాను.

ఏ తలుపు తట్టాలి

రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్. పౌర గ్రంథాలయాలకి కేంద్రం ఇచ్చే సాయం ప్రధానంగా వచ్చేది ఇక్కడి నుంచే. 1972లో పెట్టారు, కలకత్తాలో ఉంది, కేంద్ర సాంస్కృతిక శాఖ కిందది. దీని పథకాలు రెండు రకాలు. మ్యాచింగ్ పథకాల్లో రాష్ట్రం తన వాటా కొంత పెడితే ఫౌండేషన్ కొంత కలుపుతుంది. పుస్తకాలు, బీరువాలు, భవనం విస్తరణ, కంప్యూటర్లు ఇలాంటివన్నీ ఇందులో వస్తాయి. ప్రభుత్వ శాఖా గ్రంథాలయాలకి పనికొచ్చేది ఎక్కువగా ఇదే. నాన్‌మ్యాచింగ్ పథకాల్లో రాష్ట్రం వాటా లేకుండా ఫౌండేషన్ తన డబ్బే ఇస్తుంది. పౌర గ్రంథాలయ సేవలందించే స్వచ్ఛంద సంస్థలకి సాయం, పిల్లల విభాగం, దివ్యాంగుల విభాగం, వందేళ్ళ పండగలాంటి ఉత్సవాలు చేసుకునే పాత లైబ్రరీలకి సాయం ఇందులో ఉంటాయి. మీ లైబ్రరీ పుట్టిన ఏడాది ఒకసారి లెక్క వేసుకోండి. 1920ల్లో పుట్టినదైతే మీ వందో ఏడు ఇప్పుడే నడుస్తుండొచ్చు, లేదా వచ్చేస్తుండొచ్చు. ఆ ఏడాది దాటిపోతే ఆ అవకాశం మళ్ళీ పాతికేళ్ళకి గానీ రాదు. పుట్టిన ఏడాదికి రుజువుగా పాత మినిట్స్ పుస్తకమో, మొదటి రసీదు పుస్తకమో, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టో బయటికి తీయండి.

ఈ దరఖాస్తులు సాధారణంగా మీరు నేరుగా కలకత్తాకి పంపేస్తే అయిపోయేవి కావు. రాష్ట్ర గ్రంథాలయ కమిటీ సిఫారసుతో వెళ్ళాలి, అంటే మన పౌర గ్రంథాలయ శాఖ ద్వారా. కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శిని ముందే కలిసి, మీ లైబ్రరీ ఒకటి ఉందని, నడుస్తోందని ఆయన కళ్ళతో చూసేలా చేయండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా, ఆ వారంలో మీ దగ్గరికి ఒక పూట రమ్మని పిలవండి. చూసిన మనిషి రాసే నోటుకీ చూడని మనిషి రాసే నోటుకీ తేడా ఉంటుంది. ఏ ఏడాదికి ఏ ఫారం, ఎంత పరిమితి, మీ వాటా ఎంత అన్నవి మారుతుంటాయి, ఫౌండేషన్ వెబ్‌సైట్లో ఉన్న తాజా ఫారమే తీసుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత పీడీఎఫ్ మీద నింపి తీసుకెళ్ళొద్దు.

ఎంపీ నిధులు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, అందులో లైబ్రరీ పనులకీ అవకాశం ఉంది. 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఎక్కువగా ఉండే ప్రాంతాలకి వెళ్ళాలన్నది నిబంధన, మీ లైబ్రరీ అలాంటి కాలనీలో గానీ దాన్ని ఆనుకుని గానీ ఉంటే దరఖాస్తులో మొదటి పేరాలోనే చెప్పండి. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగం చేస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి ఇదంతా ఈ-సాక్షి అనే పోర్టల్ మీద నడుస్తోంది. లెటర్ తీసుకున్నాక ఊరికే ఇంటికి పోకుండా కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసులో అది పోర్టల్లో ఎక్కిందా లేదా కనుక్కోండి.

ఇక్కడ మనవాళ్ళు తప్పుదారి పట్టే చోటు ఒకటుంది. మీ జిల్లా వేరు, మీ ఎంపీ వేరు. ముత్తుకూరు, వెంకటాచలం, పొదలకూరు మనుషులు నెల్లూరు ఎంపీ ఆఫీసు ముందు కూర్చుంటే లాభం లేదు, సర్వేపల్లి నియోజకవర్గం తిరుపతి లోక్‌సభ కింద ఉంది. అలాగే ఒంగోలు పక్కనే ఉన్న మద్దిపాడు, చీమకుర్తి సంతనూతలపాడు నియోజకవర్గం కదా, అది బాపట్ల లోక్‌సభలోకి వస్తుంది. కందుకూరు ఏ జిల్లాలోకి మారినా ఎంపీ మాత్రం నెల్లూరాయనే. అడ్రసు సరిచూసుకుని బయల్దేరండి.

సీఎస్ఆర్ ప్రభుత్వ గ్రాంటు కాదు గానీ పక్కనే పెట్టుకోవాల్సిన దారి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో పౌర గ్రంథాలయాలు పెట్టడం అని స్పష్టంగానే రాసి ఉంది. కృష్ణపట్నం వైపు పోర్టు, కరెంటు ప్లాంట్లు ఉన్నాయి, చీమకుర్తిలో గ్రానైట్ ఉంది. ఏడాదికి 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీ ఏదైనా సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టి తీరాలి. ప్రభుత్వ గ్రాంటులో "మీ వాటా" అని అడిగే భాగాన్ని ఇక్కడి నుంచి తెచ్చుకోవచ్చు.

అన్నిటికంటే దగ్గరి డబ్బు మాత్రం మన ఇంటి పన్నులోనే ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ, చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకి. మీ పంచాయతీ ఎంత వసూలు చేసింది, అందులో ఎంత కట్టింది అని సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు కూడా లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. శాఖా గ్రంథాలయం ఉన్న ఊరివాళ్ళు ఈ లెక్క చేతిలో పెట్టుకుని సంస్థకి వెళ్తే మాట్లాడే తీరే మారిపోతుంది.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

చాలామంది ముందు షాపుకెళ్ళి లిస్టు రాయించుకొస్తారు, అందులో స్మార్ట్ బోర్డు, ఆర్ఎఫ్ఐడీ గేటు, సీసీ కెమెరాలు, ఏసీ అన్నీ ఉంటాయి. ఆర్ఎఫ్ఐడీ అంటే పుస్తకంలో పెట్టిన చిప్పుని గేటు దానంతటదే గుర్తుపట్టే ఏర్పాటు, అది పెద్ద యూనివర్సిటీ లైబ్రరీలకి, రోజుకి వందలమంది పుస్తకాలు తీసుకెళ్ళే చోటికి. మూడు నాలుగు వేల పుస్తకాలున్న ఊరి లైబ్రరీకి మామూలు బార్‌కోడు స్టిక్కర్లు, ఒక స్కానరు చాలు. రిజిస్టర్లో "ఏ పని మీద" గడి చూడండి, దాన్ని బట్టే లిస్టు రాయండి.

పుస్తకాల జాబితా, ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క చూసే సాఫ్ట్‌వేరు కొనొద్దు. కోహా అని ఒకటుంది, న్యూజిలాండ్‌లో ఒక చిన్న పట్టణ లైబ్రరీ కోసం తయారుచేసి 2000లో వాడకంలోకి తెచ్చారు, ఉచితం, ప్రపంచమంతా వాడుతున్నారు. ప్రభుత్వ లైబ్రరీ అయితే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ ఉంది. లైసెన్సు డబ్బు మిగిలింది కదా అని సంతోషపడి ఊరుకోకండి, ఖర్చంతా డేటా ఎంట్రీలో ఉంటుంది, దరఖాస్తులో దానికి డబ్బు అడగాలి. మన పాత తెలుగు పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ (కొత్త పుస్తకాల వెనక గీతల కింద ఉండే నంబరు) ఉండదు, కాబట్టి వెనక గీతలు స్కాన్ చేయగానే వివరాలు వాటంతట అవే వచ్చేస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు. ఒక్కో పుస్తకం తెరవాలి, ముఖపత్రం వెనక ముద్రణ సంవత్సరం వెతకాలి, చాలాసార్లు అది చెదలు తిన్న మూలలోనే ఉంటుంది, రచయిత ఇంటిపేరు ముందో వెనకో తేల్చుకోవాలి, తెలుగులో టైపు చేయాలి. అది కూడా యూనికోడ్‌లోనే. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి తెస్తే కోహాలో పిచ్చి గీతలు కనిపిస్తాయి, మళ్ళీ మొదటికొస్తుంది. ఒక మనిషిని ఒక రోజు కూర్చోబెట్టి ఎన్ని పుస్తకాలు ఎక్కించగలడో చూడండి. మొత్తం పుస్తకాల్ని ఆ సంఖ్యతో భాగిస్తే ఎన్ని రోజుల కూలి అడగాలో వస్తుంది, ఆ లెక్కే దరఖాస్తులో చూపించండి. గాల్లోంచి తీసిన అంకె కాదని చదివినవాళ్ళకి తెలిసిపోతుంది.

పాత పత్రికలు, పుస్తకాలు స్కాన్ చేయిస్తామని అడిగేవాళ్ళకి ఒక జాగ్రత్త. మన దగ్గర ఉన్న పుస్తకం పాడవకుండా భద్రపరచడానికి లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం ఎలక్ట్రానిక్ కాపీ ఉంచుకోవచ్చు, కాపీరైట్ చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. దాన్ని తీసుకెళ్ళి నెట్లో అందరికీ పెట్టాలంటే మాత్రం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు నిండాలి, లేదా వారసుల అనుమతి ఉండాలి. దరఖాస్తులో "భద్రపరచడం" అని ఒక జాబితా, "అందరికీ అందుబాటు" అని ఇంకో జాబితా, రెండూ వేరుగా రాయండి.

చూపు లేనివాళ్ళకోసం ఒక కంప్యూటరు కేటాయించమని నా గట్టి సలహా. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెర మీద ఉన్న తెలుగుని చదివి వినిపిస్తుంది, సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ వాళ్ళకోసమే ఉంది. ఒక హెడ్‌ఫోను తప్ప అదనపు ఖర్చు పెద్దగా లేదు, పైగా దివ్యాంగుల విభాగం కింద అడగడానికి దారి తెరుస్తుంది. ఇక పోటీ పరీక్షల పిల్లలకి ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ ఉచితమే, దానికి ఎవరికీ డబ్బు కట్టకండి. పరిశోధన పత్రికలు ఆన్‌లైన్లో చదివించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం గురించి పేపర్లో చదివి అది మనకీ వస్తుందా అని అడుగుతున్నారు, రాదు, అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకి.

ఎస్టిమేటు వేసేటప్పుడు

కనీసం మూడు కొటేషన్లు తీసుకోండి, మూడూ ఒకే షాపాయన మూడు లెటర్‌హెడ్ల మీద ఇచ్చినవి కాకుండా. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలులోనో జీఎస్టీ బిల్లు ఇచ్చే షాపులే కావాలి. కొటేషన్ మీద "టాక్సులు అదనం" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని వదిలేస్తే మునిగినట్టే. కంప్యూటరు 40,000 అనుకుంటే 18 శాతం జీఎస్టీ 7,200 కలిపి 47,200, నాలుగింటికి 1,88,800. మీరు 1,60,000 అడిగితే ఆ 28,800 మీ జేబులోంచే. పుస్తకాల మీద మాత్రం జీఎస్టీ లేదు.

అందరూ మర్చిపోయేవి ఇంకొన్ని: ఎర్తింగు సరిగా ఉన్న వైరింగు, యూపీఎస్, దాని బ్యాటరీలు. రోహిణీ కార్తెలో ఒంగోలులో రేకుల కప్పు కింద కంప్యూటరు గదిలో ఎవరు కూర్చోగలరు? ఫ్యాన్లు, పైన చలవ పెయింటు కూడా లెక్కలో ఉండాలి. సముద్రం పక్క ఊళ్ళలో, తుమ్మలపెంట, రామాయపట్నం లాంటి చోట్ల, ఉప్పుగాలికి ఇనుప సామాను తొందరగా తుప్పు పడుతుంది, బీరువాలకి పౌడర్ కోటింగ్ అడగండి, సీపీయూలు నేల మీద కాకుండా బల్ల మీద పెట్టేలా చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, నేల మీద ఉన్నదేదీ నమ్మకం కాదు.

నెట్టు బిల్లు, కరెంటు బిల్లు, కుర్రాడి జీతం, ఏటేటా రిపేరు: వీటికి గ్రాంటు సాధారణంగా రాదు. వచ్చినా ఒక ఏడాదితో సరి. కాబట్టి దరఖాస్తులో "మూడేళ్ళ నిర్వహణ ఖర్చు ఇలా పెట్టుకుంటాం" అని ఒక చిన్న పట్టిక పెట్టండి. సభ్యత్వ రుసుం ఎంత, పంచాయతీ ఎంత ఇస్తానంది, ఊరి నుంచి బయటికెళ్ళి స్థిరపడినవాళ్ళు ఎంత ఇస్తామన్నారు, వాళ్ళ ఉత్తరాలు జత. ఇది అడగకపోయినా పెట్టండి. నేను చూసినంతలో, ఏడాది తిరిగేసరికి కవర్లు కప్పి పక్కన పెట్టేసిన కంప్యూటర్లన్నీ రిపేరు రాక ఆగినవి కావు, నెట్టు బిల్లు కట్టేవాడు లేక ఆగినవే.

దరఖాస్తు రాయడం, ఇవ్వడం

పొగడ్తలు, కవిత్వం వద్దు. "విజ్ఞాన జ్యోతులు వెలిగించే" లాంటి మాటలు ఆహ్వాన పత్రికకి బాగుంటాయి. మొదటి పేరాలో మీరెవరు, లైబ్రరీ ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎన్ని పుస్తకాలు, రోజుకి ఎంతమంది. రెండో పేరాలో వాళ్ళకి ఇప్పుడు ఏం అందడం లేదు. మూడో పేరాలో ఏం కొంటారు, దాంతో ఏ టైములో ఎవరికి ఏ సేవ. ఉదాహరణకి, "సాయంత్రం 5 నుంచి 8 దాకా పోటీ పరీక్షలవాళ్ళకి, ఆదివారం ఉదయం పిల్లలకి, బుధవారం మధ్యాహ్నం మహిళా సంఘాల సభ్యులకి ఆన్‌లైన్ దరఖాస్తుల సాయం". నాలుగో పేరాలో డబ్బు. అంతే. అక్షరాల్లో ఒక మొత్తం, అంకెల్లో ఇంకో మొత్తం లేకుండా చూసుకోండి, నవ్వొద్దు, జరుగుతుంది.

పేజీలన్నిటికీ నంబర్లు వేసి, మొదట్లో జత కాగితాల జాబితా పెట్టి, మొత్తం సెట్టు ఇంకొకటి జెరాక్సు తీసి మీ దగ్గర ఉంచుకోండి. ఆఫీసులో ఇచ్చేటప్పుడు "వదిలేసి వెళ్ళండి, చూస్తాం" అంటారు. వదిలేయండి, కానీ మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోకుండా మాత్రం గుమ్మం దిగొద్దు. తర్వాత ఫోను చేసినప్పుడు "మా దరఖాస్తు ఏమైందండీ" అంటే వాళ్ళకి ఏ దరఖాస్తో తెలియదు, నంబరు, తేదీ చెప్తే వెతకగలరు. సీట్లో ఉన్న మనిషి మారితే కొత్తాయన్ని కలిసి మళ్ళీ మొదటి నుంచి చెప్పండి, విసుక్కోవద్దు. ఎంతకీ కదలకపోతే ఫైలు ఏ దశలో ఉందో సమాచార హక్కు కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అది మొదటి ఆయుధంగా మాత్రం వాడకండి, ఆఫీసువాళ్ళతో మొహం చెడుతుంది. మధ్యలో ఎవరన్నా "మంజూరు చేయిస్తా, పర్సంటేజీ ఇవ్వండి" అని వస్తే టీ ఇచ్చి పంపేయండి.

డబ్బు వచ్చాక

మంజూరు ఉత్తర్వు మొత్తం చదవండి, రెండుసార్లు. ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. కంప్యూటర్లకి ఇచ్చిన డబ్బుతో ప్రహరీ కడితే, ఊరికి ఎంత మంచి జరిగినా, అది దుర్వినియోగం కిందే లెక్క. వీలైతే గ్రాంటుకి వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. ఖాతాలో డబ్బు ఉన్నన్నాళ్ళు వచ్చిన వడ్డీ కూడా మీది కాదు, మిగులుతోపాటు దానికీ లెక్క చెప్పాలి. ప్రతి చెల్లింపూ చెక్కు లేదా ఆన్‌లైన్ ద్వారానే చేయండి.

కొన్న ప్రతి వస్తువుకీ స్టాకు రిజిస్టర్లో ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు, పథకం పేరు, సంవత్సరం వస్తువు మీద కూడా పెయింటుతో రాయించండి. స్టిక్కరు ఎండకి ఊడిపోతుంది. ఆ సామాను మంజూరు చేసినవాళ్ళ అనుమతి లేకుండా అమ్మడానికీ, ఇంకొకరికి ఇచ్చేయడానికీ వీల్లేదు, పాతబడినా సరే.

చివర్లో యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందన్న ధ్రువపత్రం, అందరూ యూసీ అంటారు. కేంద్ర గ్రాంటైతే సంస్థలు నింపాల్సింది కేంద్ర ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్ఆర్ 12-ఏ నమూనా, చార్టర్డ్ అకౌంటెంట్ ఆడిట్ లెక్కలతో కలిపి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలన్నది నిబంధన, మంజూరు ఉత్తర్వులో అంతకంటే ముందు తేదీ ఉంటే అదే పాటించండి. యూసీ పెండింగులో ఉంటే రెండో విడత రాదు, వచ్చే ఏడాది కొత్త దరఖాస్తు ముట్టుకోరు. బిల్లులు, సామాను ఫోటోలు, పాఠకులు వాడుతున్న ఫోటోలు, కొత్త హాజరు రిజిస్టరు పేజీలు అన్నీ ఒకే ఫైల్లో గుచ్చి పెట్టుకోండి. సెక్రటరీ మారినప్పుడు ఆ ఫైలు, దర్పణ్ లాగిన్, దానికిచ్చిన ఫోను నంబరు కొత్త మనిషికి అప్పజెప్పినట్టు మినిట్స్‌లో రాయించి, ఇద్దరి సంతకాలూ తీసుకోండి.